కారుకు చాకిరేవు

పన్నెండు లక్షల కారు. గుడి ముందు నిలిపి, చక్రాల కింద నిమ్మకాయలు నలిపి, బానెట్టు మీద పసుపు కుంకుమలు దిద్ది, గుమ్మడికాయతో దిష్టి తీసిన కారు. వెనక అద్దం మీద పిల్లల పేర్లు, నాయకుడి బొమ్మ, ఇలవేల్పు, అన్నీ మూడు రంగుల్లో. ఇంత ఘనత వహించిన వాహనానికి తలంటు దేనితోనయ్యా అంటే, కిరాణా కొట్లో వేలాడే దండలోంచి తెంపిన పది రూపాయల సర్ఫు పొట్లంతో!

ఏనుగును కొన్నవాడు అంకుశం దగ్గర బేరమాడాడని సామెత. మన పలాస, టెక్కలి, ఉద్దానం ప్రాంతాల కార్ల యజమాని బేరం కూడా ఆడడు. అంకుశం వద్దే వద్దని, కత్తిపీటతో ఏనుగును తోలుకుంటూ ఇంటికొస్తాడు.

ఈ తలంటుకు మనవాళ్లు ఒక వ్రతకల్పమే ఏర్పాటు చేసుకున్నారు. తెలియనివారి కోసం ఇక్కడ ఇస్తున్నాను.

ముహూర్తం: ఆదివారం మిట్టమధ్యాహ్నం, రేకు మీద చెయ్యి పెడితే బొబ్బ లేచే వేళ. స్థలం: నాలుగు వీధులకూ కనబడేలా గేటు బయట. పూజాద్రవ్యాలు: బకెట్టు ఒకటి (రెండోది పెడితే వ్రతభంగం), సర్ఫు పొట్లం, అంట్లు తోమే సబ్బు బిళ్ల, చిరిగిన లుంగీ, చక్రాలకు ప్రత్యేకంగా మన ఉద్దానం కొబ్బరి పీచు. విధానం: ముందుగా నీళ్లు కొట్టరాదు. ఎండిన దుమ్ము మీదనే లుంగీ ఆనించి ప్రదక్షిణంగా రుద్దవలెను. లుంగీ జారి కిందపడినచో, ఇసుకతో సహా తీసి అదే బకెట్టులో ముంచి అదే తలుపు మీద మళ్లీ రుద్దవలెను. చక్రాలు తుడిచిన గుడ్డతోనే అద్దాలు తుడవవలెను. పిమ్మట నురగ ఎండి చారలు కట్టేదాకా వదిలేసి, ఫోనులో లోకాభిరామాయణం మాట్లాడుకొనవలెను.

ఫలశ్రుతి: వారం తప్పక ఆచరించినవారి నల్ల కారు విభూతి పూసుకున్నట్టు కనిపించును. ఎండ తగిలినప్పుడల్లా పై రేకు మీద సాలెగూళ్లు దర్శనమిచ్చును. నల్లని ప్లాస్టిక్ అంచులు తెల్లబారును. అలాయ్ చక్రాలు మసకబారును. పునర్దర్శనం పెయింటు షాపులో జరుగును.

ఎవరైనా పక్కింటి పెద్దమనిషి అడ్డు చెప్పబోతే జవాబు సిద్ధంగానే ఉంటుంది. "ఏటౌతాది బావూ? తెల్ల సొక్కా మురికే వదిలిపోతంటే, తెల్ల కారు మురికి వదలదేటి?"

వదుల్తుంది బావూ. మురికి మహా బాగా వదుల్తుంది. దాంతోపాటు ఇంకేమేమి వదుల్తున్నాయన్నదే పేచీ.

1959లో సర్ఫ్ మన దేశపు బజారులోకి వచ్చినప్పుడు గానీ, 1969లో అహ్మదాబాదులో కర్సన్‌భాయ్ పటేల్ నిర్మా మొదలుపెట్టినప్పుడు గానీ, ఎవరూ బంపర్ల గురించి ఆలోచించలేదు. వాళ్ల ఆలోచనంతా కాలరు మీద పేరుకున్న చెమట గురించే. అందుకే ఆ పొడిలో సోడా యాష్ ఉంటుంది, జిడ్డును విడగొట్టే రసాయనం ఉంటుంది, కొన్నింట్లో ఎంజైములూ ఉంటాయి. ఎంజైముల పని రక్తం, గుడ్డుసొన, గంజి మరకల్ని కరిగించడం. బానెట్టు మీద చేపల పులుసు ఒలకబోసుకున్నవారికి తప్ప వాటితో పనిలేదు. తెల్లగా మెరిపించే మరో పదార్థం కూడా ఉంటుంది. అది నూలుపోగుకు అంటుకొని, కంటికి కనబడని అతినీలలోహిత కిరణాలను నీలికాంతిగా మార్చి తెల్లదనాన్ని భ్రమింపజేస్తుంది. పాపం, దానికి కారు మీద నూలుపోగు ఎక్కడ దొరుకుతుంది?

సర్ఫు నీటి పీహెచ్ సాధారణంగా 10 దగ్గర ఉంటుంది. కారు షాంపూది 7 దగ్గర. మూడే అంకెల తేడా కదా అనుకునేరు. ఆ కొలతలో ఒక్కో మెట్టుకు పదింతలు. మూడు మెట్లంటే వెయ్యింతల క్షారం. పట్టు, ఉన్ని బట్టలకు వాడొద్దని చాలా పొట్లాల మీద అచ్చు వేసే ఉంటుంది. అందుకే ఇంటి ఆడవాళ్లు పెళ్లినాటి పట్టుచీరను ఆ బకెట్టు దరిదాపులకు రానివ్వరు. చీర విలువ వాళ్లకు తెలుసు. కారు విలువ మాత్రం ఇంటి యజమానికి అప్పిచ్చిన బ్యాంకుకే తెలిసినట్టుంది.

న్యాయం న్యాయంగా చెప్పుకోవాలి. కార్ఖానాలో కాల్చి గట్టిపరిచిన పూత ఒక్క పొట్లానికి కరిగిపోదు. గిన్నెలు తోమే ద్రవం సర్ఫంత ఘాటుది కూడా కాదు, దాని పీహెచ్ ఏడుకు అటూ ఇటూగానే ఉంటుంది. కానీ అది జిడ్డు వదిలించడానికే పుట్టింది, కారు మీది మైనమూ దాని కంటికి జిడ్డే. ఇక సబ్బు బిళ్లలో కలిపే ఖనిజపు పొడి మాడిన అడుగంటును గీకడానికి ఉద్దేశించింది. దానికి బొగ్గు పట్టిన గిన్నె అయినా, బ్యాంకు లోను పట్టిన కారు అయినా ఒకటే.

అసలు ఆ పూత ఎంత మందమో ఎప్పుడైనా విన్నారా? ఇనుప రేకు మీద తుప్పు నివారణ పూత, దాని మీద ప్రైమరు, దాని మీద రంగు, అన్నిటి మీదా రంగులేని పారదర్శకపు పూత. ఇవన్నీ కలిపి 100 నుంచి 150 మైక్రాన్లు. అంటే మిల్లీమీటరులో పదో వంతు, మహా అయితే ఆరేడో వంతు. పై పూత అందులో సగం కూడా ఉండదు. కారు మెరుపంతా ఆ పల్చటి పొరదే. దాని మీద టెక్కలి రాతి దుమ్ము కూర్చుంటుంది. గ్రానైటులో ఉండే క్వార్ట్జ్ గాజునే గీస్తుంది, ఈ పొర ఒక లెక్కా? ఆ దుమ్మును తడపకుండా లుంగీతో రుద్దే పెద్దమనిషి కారు కడగడం లేదు, ఉప్పుకాగితం పడుతున్నాడు.

ఇక మన సముద్రం సంగతి. బారువ, అక్కుపల్లి, భావనపాడు, నౌపడ, ఎటు చూసినా ఉప్పుగాలే. నౌపడలో గాలికీ ఎండకీ ఉప్పు పండించే మడులున్నాయి. అదే గాలి మన కార్ల మీదా ఉప్పు జల్లుతుంది. గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పు తనంతట తానే నీరు పీల్చుకొని ద్రవంగా మారుతుంది. మన తీరంలో ఏ రాత్రి చూసినా దాదాపు ఇదే తంతు. కారు నిద్రపోతూ ఉప్పునీళ్లలో నానుతుంది. జాతీయ రహదారి 16 మీద లారీ చక్రం విసిరిన కంకర రేకు మీది పూతలో చిన్న పెచ్చు లేపుతుంది. ఉప్పునీరు ఆ పెచ్చు ఊడిన చోటు నుంచి, తలుపు అడుగు అతుకుల్లోంచి లోపలికి దిగుతుంది. ఆ ఉప్పునీటికి మొదటి అడ్డు మైనపు పొర. సర్ఫు వారం వారం సాగనంపేది సరిగ్గా దాన్నే. గిన్నెల ద్రవానికి చిక్కదనం రావడానికి కలిపేది కూడా మామూలు ఉప్పే! సముద్రం జల్లింది చాలదని డబ్బులిచ్చి కొని మరీ పూస్తున్నాం. ఇహ పైన పటారం, లోన లొటారం కాక మరేమిటి?

ఈ అజ్ఞానం మరో ఊళ్లో ఉంటే పోనీలే అనుకోవచ్చు. మన దగ్గర ఉండటమే విడ్డూరం. పూత అంటే ఏమిటో ఈ నేలకు ఒకరు పాఠం చెప్పాలా? పలాస, కాశీబుగ్గల్లో జీడి పిక్కలు కొట్టే ఆడవాళ్లు పనిలో కూర్చునే ముందు చేతులకు నూనో, బూడిదో పట్టించుకుంటారు. పూత లేకుండా తొక్కలోని జీడి తగిలితే చర్మం ఊడుతుందని వాళ్లకు ఏ ఇంజనీరూ చెప్పలేదు. ఆ జీడి నూనె నుంచి తీసిన పదార్థాలతోనే ఓడలకు తుప్పు పట్టకుండా వేసే రంగులు, వాహనాల బ్రేకు లైనింగులు తయారవుతాయి. టెక్కలి నీలి గ్రానైటుకు మెరుగు పెట్టే పనివాడు ముతక రాయితో మొదలుపెట్టి అంచెలంచెలుగా నునుపు రాళ్లకు వెళ్తాడు. మెరిసిన పలక మీద మళ్లీ ముతక రాయి ఆనిస్తే ఆ రోజు కూలీ గోవిందా. ఆ కార్ఖానా యజమాని మాత్రం సాయంత్రం ఇంటికెళ్లి, కార్ఖానాలోనే మెరుగుపెట్టి వచ్చిన కారు మీద పీచు ఆనిస్తాడు.

మన కుర్రాళ్లు గల్ఫ్‌కీ, సింగపూర్‌కీ వెళ్లి ఓడల యార్డుల్లో తుప్పు గీకి, పూతల మీద పూతలు వేసి, ఆ డబ్బు ఇంటికి పంపుతారు. ఆ డబ్బుతో ఇంటి దగ్గర కారు వస్తుంది. కొడుకు అక్కడ ఓడకు పూత వేస్తూ ఉంటాడు. తండ్రి ఇక్కడ కారు పూత తీస్తూ ఉంటాడు. ఆ ఇంటి జమా ఖర్చు అలా సరిపోతుంది.

వాదించేవాళ్లకు వాదనలు లేకపోలేదు. "అంబాసిడర్‌ని ఇరవై ఏళ్లు దీంతోనే కడిగినాం" అంటాడొక పెద్దాయన. నిజమే కావచ్చు. ఆ రోజుల్లో చాలా కార్లకు ఈ పారదర్శకపు పొర లేదు, పైనున్నదంతా రంగే. వెలిసినప్పుడల్లా పాలిష్ పెట్టి రుద్దితే కింది రంగు పైకి వచ్చేది. ఆ అంబాసిడర్ తయారీ 2014లోనే ఆగిపోయింది. దాన్ని కడిగే పద్ధతికే ఇంకా కాలం చెల్లలేదు. "నురగ లేకపోతే మురికెలా పోతాది?" అంటాడు మరొకడు. వాషింగ్ మిషన్ల కోసం అమ్మే పొడులను నురగ తక్కువ వచ్చేలా తయారు చేస్తారు. అయినా వాటితో బట్టల మురికి పోవడం లేదా? "ఒంటికి సబ్బు రుద్దుకోవట్లేదా?" అని మూడోవాడు. రుద్దుకుంటాం. చర్మం మళ్లీ పుడుతుంది నాయనా. నీ కారుకు ఆ వరం ఎవరిచ్చారు?

రోడ్డు పక్క వాటర్ సర్వీసు కొట్లలోనూ కొన్నిచోట్ల ఇదే భాగోతం. గోడ మీద 'ఫోమ్ వాష్' అని రంగుల బోర్డు, వెనకాల డ్రమ్ములో అదే సర్ఫు. ఇంట్లో మనమే పూత తీసుకుంటే ఉచితం. అక్కడ దానికి కూలీ కూడా ఇచ్చి వస్తాం.

నీళ్ల మాట ఎత్తకుండా ఉద్దానం మాట ముగియదు. కారణం ఇదమిత్థంగా తేలని కిడ్నీ జబ్బుతో ఈ నేల దశాబ్దాలుగా కుమిలింది. మంచినీళ్ల కోసం ఊళ్లకు ఊళ్లే మొరపెట్టుకున్నాయి. హిరమండలం జలాశయం నుంచి వంశధార నీటిని తెచ్చే 700 కోట్ల రూపాయల పథకం, పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం 2023 డిసెంబరు 14న ప్రారంభమయ్యాయి. సర్ఫుతో కిడ్నీలు పోతాయని నేననడం లేదు. అన్నేళ్లు ఎదురుచూసిన కుళాయికి పైపు తగిలించి టైర్లకు అభిషేకం చేసే మహానుభావుడు ఎవరైనా ఉంటే, ఆయనకు సిగ్గు ఉండాలని మాత్రం అంటున్నాను. 2024 మార్చిలో బెంగళూరులో తాగునీటితో బళ్లు కడిగితే 5,000 రూపాయల జరిమానా అన్నారు. మన దగ్గర జరిమానా లేదు, దాహం చూసిన జ్ఞాపకం ఉంది. అది చాలదా?

కడిగిన నీళ్లు ఎక్కడికి పోతాయి? కాలువలోకి, కాలువ చెరువులోకి. జిడ్డు విడగొట్టే రసాయనం చేపల మొప్పల దగ్గర కూడా తన పని తాను చేసుకుపోతుంది. సోంపేట దగ్గరి చిత్తడి నేల అయిన బీలను విద్యుత్తు కంపెనీ నుంచి కాపాడుకోవడానికి 2010లో ఈ జనం పోలీసు తూటాలకు ఎదురు నిలిచారు. ఆ కంపెనీని బీలలోకి రానివ్వని జనం, సర్ఫు నురగకు గట్టు మీద దారి ఇవ్వడమేమిటి?

మరి ఎలా కడగాలంటారా? ఇందులో బ్రహ్మవిద్య లేదు. నీడలో నిలపాలి. ముందు వట్టి నీళ్లతో దుమ్ము దించాలి. షాంపూ నీళ్లు ఒక బకెట్టు, గుడ్డ జాడించే నీళ్లు ఇంకొకటి. మెత్తని గుడ్డతో పైనుంచి కిందికి తుడవాలి. చక్రాల గుడ్డ వేరు. ఆరకముందే తడి తుడిచేయాలి. కొన్ని నెలలకోసారి మైనం పట్టించాలి. బీచికి వెళ్లొచ్చిన రోజు కారు అడుగుకూ మంచినీళ్లు కొట్టాలి. తేలినీలాపురం కొంగలు ఆశీర్వదించి పంపితే ఆ ప్రసాదాన్ని గోటితో గీకకుండా నానబెట్టి తీయాలి. రెండు మూడు వందల షాంపూ సీసా నెలల తరబడి వస్తుంది. అదీ లేకపోతే వట్టి నీళ్లే మేలు.

మన యజమాని ఇలా చేసేది తెలియక మాత్రమే కాదు. షాంపూ నురగ పల్చగా వస్తుంది, వీధికి కనబడదు. సర్ఫు నురగ గేటు దాటి, కాలువ దాటి, ఎదురింటి అరుగు దాకా పోయి 'మా వారికి కారుంది' అని చాటి వస్తుంది. ఆదివారం అక్కడ జరిగేది ఊరేగింపు. ఊరేగింపులో దేవుడికి గీతలు పడితే ఎవరికి పట్టింది?

పట్టేవాళ్లు ఒకరుంటారు, కానీ అది అధికారులూ కాదు, బీమా కంపెనీ కాదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను విరుచుకుపడితే నష్టం రాసుకోవడానికి అధికారులు వచ్చారు. తుపానుకు పాడైన కారుకు సమగ్ర బీమా ఉంటే కంపెనీ పరిహారం ఇస్తుంది. అరుగుదలకూ తుప్పుకూ ఇవ్వదు. ఆదివారపు తుపానుకు పరిహారం రాసే తహసీల్దారు ఏ మండలంలోనూ లేడు. కారు అమ్మబోయిన రోజున సెకండ్ హ్యాండ్ బేరగాడు తలుపు అడుగున వేలు పెట్టి, వేలికంటిన తుప్పును చూసి, మీ ముఖం చూసి ఒక ధర చెబుతాడు. పొట్లాల మీద మీరు ఇన్నేళ్లూ మిగిల్చిన సొమ్మంతా అణాపైసలతో సహా అందులోంచి కోసుకునే చెబుతాడు. అప్పుడు మాత్రం బేరమాడకండి. ఆయన లెక్క సరైనదే.