బొంబాయి జిల్లా, కొవ్వూరు మండలం

కొవ్వూరు బొంబాయిలో ఉందండీ. ఇది నా మాట కాదు, 2023 మార్చిలో ఆస్కార్ వేదిక మీద తేలిపోయిన సంగతి. కొవ్వూరులో పుట్టిన కీరవాణి గారు బాణీ కట్టిన నాటు నాటు పాట, అదే ఊరి కుటుంబం నుంచి వచ్చిన రాజమౌళి గారు తీసిన ఆర్‌ఆర్‌ఆర్ అనే తెలుగు సినిమా. దాన్ని వ్యాఖ్యాత జిమ్మీ కిమ్మెల్ బాలీవుడ్ ఖాతాలో రాసేశాడు. అంతకు రెండు నెలల ముందే రాజమౌళి అమెరికా దర్శకుల సంఘంలో నిలబడి, ఇది బాలీవుడ్ కాదు మహాప్రభో, దక్షిణాది నుంచి వచ్చిన తెలుగు సినిమా అని విడమరిచి చెప్పారు. విన్నారు, చప్పట్లు కొట్టారు, మర్చిపోయారు.

పెద్దవాళ్ళు చెప్పాక ఇక వాదనెందుకు? కొవ్వూరు దగ్గర గోదావరి మీదున్న రోడ్డు కం రైలు వంతెనకి ఇటు రాజమండ్రి, అటు ముంబయి అని బోర్డులు మార్చేస్తే సరి. 1974 నుంచీ దాని మీద తిరుగుతున్న జనం ఎక్కడికి పోతున్నారో తెలీకుండానే పోతున్నారు పాపం. 1936లో రాజమండ్రిలో దుర్గా సినీటోన్ స్టూడియో పెట్టిన నిడమర్తి సూరయ్య గారికి ఈ భూగోళం ముందే తెలిస్తే, సామానంతా బొంబాయిలోనే దింపించుకునేవారు. రవాణా ఖర్చులైనా మిగిలేవి.

ఆ రాత్రి వేదిక మీద నాటు నాటుకి గంతులేసిన బృందంలో మన రూపురేఖల వాళ్ళు లేరని అమెరికాలోని భారతీయ నాట్యకారులు గోల పెట్టారు. అదేం పెద్ద విషయం? పెళ్ళికొడుకు లేకుండా ఊరేగింపు తీస్తే గుర్రానికి బరువు తగ్గుతుంది.

తిండి దగ్గరికొస్తే ఇంకా సులువు. 2021 ఆగస్టులో వాషింగ్టన్ పోస్ట్‌లో జీన్ వైన్‌గార్టెన్ అనే హాస్య రచయిత, భారతదేశపు వంటంతా ఒకే ఒక్క మసాలా మీద నడుస్తుందనీ, ఆ మసాలా కర్రీ అనీ రాశారు. దేశం మొత్తాన్ని కూరలో కరివేపాకులా ఏరి పక్కన పెట్టారన్నమాట. టీవీ వంటల వ్యాఖ్యాత పద్మా లక్ష్మి మొదలు చాలామంది దులిపేశాక పత్రిక సవరణ వేసుకుంది. ఆ పెద్దమనిషి మా వైపు ఓ పెళ్ళికొచ్చి ఆవ పెట్టిన పనసపొట్టు కూర ఓ ముద్ద నోట్లో పెట్టుకునుంటే, ఆ ఘాటు ముక్కులోంచి నడినెత్తికెక్కి, సవరణ తనంతట తనే కన్నీళ్ళతో రాసుకుని ఉండేవాడు. పక్కన కంద బచ్చలి కూర, ఆ పైన ఆత్రేయపురం పూతరేకు. దీన్లో కర్రీ పొడి ఎక్కడేశారో చూపించమనండి, వెతికిపెట్టినవాడికి పులస పులుసు నేను పెట్టిస్తాను. వరదనీరు ఎర్రబడే దాకా ఆగాలంతే.

ఆ రాతకి మావాళ్ళ జవాబు కూడా ఆలస్యం కాలేదు. 2022 సంక్రాంతికి నరసాపురంలో ఓ కుటుంబం కాబోయే అల్లుడికి 365 రకాలు వడ్డించింది. అమెరికాలో అచ్చయిన కాలమ్‌కి ఇంత ఖర్చుతో జవాబివ్వడం మాకే చెల్లింది. ఆ కుర్రాడు ఎన్ని తినగలిగాడన్నది మాత్రం ఎవరూ అడగలేదు, అడగడం మర్యాద కూడా కాదు.

ఒక్క విషయంలో మాత్రం అమెరికా వాళ్ళు మా అడ్రసు తప్పలేదండోయ్. వాళ్ళ పళ్ళెంలో పడే రొయ్యల్లో భీమవరం చుట్టుపక్కల చెరువుల్లో పెరిగినవి బోలెడు. తినేటప్పుడు ఏ ఊరిదని అడగరు. 2025 ఆగస్టులో మన సరుకు మీద 50 శాతం సుంకం వేసినప్పుడు మటుకు ఆ దెబ్బ దారి అడక్కుండా తిన్నగా చెరువుగట్టుకొచ్చి రైతు పక్కన కూర్చుంది.

మనవాళ్ళు అక్కడ పడే పాట్లు వేరు. సింప్సన్స్ అనే కార్టూన్‌లో అపు అనే కిరాణా కొట్టాయన ఉండేవాడు. 1990 నుంచి హ్యాంక్ అజారియా అనే తెల్లాయన యాస దంచి ఆ గొంతు పలికాడు. బడికెళ్ళే మన పిల్లలకి ఆ యాసే వెక్కిరింత అయింది. న్యూయార్క్‌లో పుట్టిన తెలుగింటి హాస్యగాడు హరి కొండబోలు 2017లో దీని మీద ఏకంగా డాక్యుమెంటరీ తీశాడు. 2020లో అజారియా ఆ గొంతు మానుకున్నాడు. ఎమ్మెస్ చదువుతూ గ్యాస్ స్టేషన్లో గల్లాపెట్టె దగ్గర నిలబడే మా కుర్రాళ్ళకి ఈ గెలుపు సంగతి తెలుసో లేదో. వాళ్ళ అమ్మానాన్నలు ఇక్కడ వీధిలో చెప్పేది సాఫ్ట్‌వేరనే కదా.

అయినా ఎంతసేపూ వాళ్ళననేం లాభం లెండి. అదే ఆర్‌ఆర్‌ఆర్‌లో జెన్నీ అనే పిల్లని పక్కన పెడితే, దొరలంతా పొత్తిళ్ళలోనే కొరడా పట్టుకున్నట్టుంటారు. హాల్లోంచి బయటికొచ్చి ధవళేశ్వరం వెళ్తే మరో దొర. 1847లో ఆనకట్ట మొదలెట్టి 1852కి నిలబెట్టిన కాటన్ గారు. ఊరూరా విగ్రహం, మెడలో దండ, గోదావరి స్నానం చేయిస్తూ సంకల్పంలో ఆయన పేరు కలిపి చెప్పే పురోహితులు. తెల్లవాడంటే రాక్షసుడు, కాకపోతే దేవుడు. పెళ్ళాంతో పోట్లాడి, వంకాయలకి బేరమాడి, జలుబు చేస్తే మూలిగే తెల్లవాడికి మా డెల్టాలో సెంటు భూమి లేదు.

మనల్ని మనమైనా తిన్నగా చూపించుకుంటున్నామా అంటే అదీ లేదు. తెలుగు సినిమాలో గోదావరి మనిషికి పనేం ఉండదు. అరుగు మీద కూర్చుని వెటకారం చేస్తాడు, సంక్రాంతికి కోడి పట్టుకుంటాడు, పిలిస్తే ఆయ్ అంటాడు. రొయ్యల మేత బాకీ, ఏరేటర్ల కరెంటు బిల్లు, అర్ధరాత్రి చెరువులో ఆక్సిజన్ పడిపోయిందని టార్చిలైటుతో పరుగు, ఇవేవీ తెర మీదికి రావు.

రేపు హైదరాబాద్ నుంచి మేనేజరొకాయన లొకేషన్ కోసం కోనసీమ వస్తాడనుకోండి. పెంకుటిల్లు నచ్చుతుంది. ఏసీ పెట్టెకి కొబ్బరాకు అడ్డం కట్టమంటాడు. డిష్ విప్పమంటాడు. ఇంటాయన ప్యాంటు విప్పి పంచె కట్టుకోవాలంటాడు.

“అలాగేనండి. నాకు మాటలేమన్నా ఉన్నాయాండి?”

“పెద్దగా ఏం లేవు బాబాయ్. ముందో ఆయ్, వెనకో ఆయ్.”

“ముందు ఆయ్ ఇంటద్దెలో కలిపేస్తానండి. వెనకదానికి విడిగా అవుద్దండి.”