డాలర్ రేటు మరిచిపోయి షాపుకి వెళ్లండి

ఏదైనా కొనేముందు నాలుగు చోట్ల ధర కనుక్కోమని అందరూ చెబుతారు. నేను వద్దంటాను. అమెరికాలో ఎంత, దుబాయ్‌లో ఎంత అని అసలే అడగొద్దు. ఆ అంకె ఒకసారి చెవిన పడిందంటే మన ఊరి షాపతను ఏం చెప్పినా అబద్ధంలాగే వినిపిస్తుంది.

ఐఫోన్ 16 ప్రో సంగతి చూడండి. 2024 సెప్టెంబరులో వచ్చినప్పుడు అమెరికాలో 999 డాలర్లు, ఇక్కడ 1,19,900 రూపాయలు. డాలరుకు 84 చొప్పున వేసుకుంటే అక్కడ 84 వేల లోపే. మిగతా ముప్పై ఆరు వేలూ ఎవరు మింగారని కౌంటర్ దగ్గరి కుర్రాడి మీద మండిపడతాం. మన ధరలో 18 శాతం జీఎస్టీ కలిసే ఉంది. అది తీసేస్తే 1,01,610. అక్కడి 999లో పన్ను ఉండదు. డల్లాస్‌లో 8.25 శాతం కలిపి బిల్లు 1,081 డాలర్లు దాటుతుంది. ఆరెగాన్‌లో అమ్మకం పన్నే లేదు. ఇవన్నీ పోను మిగిలే తేడా ఎంతయినా, ఆ ధర కట్టింది కంపెనీ. కుర్రాడికి ఏం తెలుసు? డల్లాస్ బావగారు తెస్తానన్నా వద్దనండి. ఐఫోన్ 14 దగ్గర్నుంచి అక్కడి ఫోన్లలో సిమ్ పెట్టే చోటే లేదు, ఈ-సిమ్ ఒక్కటే.

బంగారం దగ్గర మరీ గట్టిగా ఉండాలి. దుబాయ్‌లో గ్రాము ఎంతని తమ్ముడికి ఫోన్ కొట్టకండి. అక్కడికీ ఇక్కడికీ రేటులో తేడాకి పెద్ద కారణం మన దిగుమతి సుంకం. 2024 జూలైలో దాన్ని 15 నుంచి 6 శాతానికి దించారు, దాంతో తేడా బాగా తగ్గింది. మన డబ్బు పోయేది తరుగులో. పది గ్రాముల గొలుసుకి 18 శాతం తరుగంటే 11.8 గ్రాములకి డబ్బు కట్టి, పది గ్రాములు మెడలో వేసుకుంటారు. పైన 3 శాతం జీఎస్టీ.

బేరం మాత్రం ఆడకండి. తరుగు ఎంతో అడిగి ఊరుకోండి. "మీకోసం పన్నెండుకి చేస్తాను" అన్నాడా, లేచి వచ్చేయండి. అడిగినవాళ్లకి పన్నెండంటే, అడగడం చేతకాని ముసలమ్మకి పద్దెనిమిదనే కదా. అలాంటి చోట మీకు మిగిలిన డబ్బు ఆమె కట్టిందే. అందరికీ ఒకటే తరుగు చెప్పే షాపులో రెండు వేలు ఎక్కువైనా సంతోషంగా ఇవ్వండి. హాల్‌మార్క్‌తో పాటు ఉండే ఆరు అక్షరాల హెచ్‌యూఐడీని 2023 ఏప్రిల్ 1 నుంచి తప్పనిసరి చేశారు. అది బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి, షాపతని ఎదుటే చూడండి. మొహమాటం వద్దు.

పిల్లలు విదేశీ చాక్లెట్లు అడిగితే ప్యాకెట్టు వెనక్కి తిప్పండి. దిగుమతిదారు పేరు, చిరునామా, అన్ని పన్నులతో ఎమ్మార్పీ ఉండాలి. అవి లేనిది సగం ధరకిచ్చినా తీసుకోకండి. స్టిక్కరు అంచు గోటితో కాస్త లేపి చూడండి. కింద ఇంకో ఎమ్మార్పీ, తక్కువ అంకెతో కనబడిందా, ఆ షాపులో ఉప్పు ప్యాకెట్టు కూడా కొనకండి. వేరే షాపుకి రెండు కిలోమీటర్లు నడవాల్సి వచ్చినా సరే.