మెతుకు మానేసిన పెద్దమనిషి

మెతుకుసీమ అన్న పేరే మెదక్ అయిందంటారు. అలాంటి ఊళ్లో రాత్రిపూట మెతుకు ముట్టనని ఒట్టు పెట్టుకున్న పెద్దమనుషులు వీధికి నలుగురు తేలుతున్నారు. పొద్దున్నే చర్చి వైపు చేతులూపుకుంటూ వడివడిగా నడిచేవాళ్లలో ఈ మనిషిని ఇట్టే పోల్చుకోవచ్చు. "బాగున్నవా అన్నా?" అంటే ఊరుకుంటాడు గానీ "పరగడుపున ఎంతొచ్చిందన్నా?" అంటే ఆగి, జేబులోంచి చిన్న నోట్‌బుక్కు తీసి, "నూట పద్దెనిమిది" అని పదో తరగతిలో కొడుక్కొచ్చిన మార్కులు చెప్పినంత సంబరంగా చెబుతాడు. రాందాస్ చౌరస్తాలో చాయ్ చెప్పినా "చక్కెర లేకుండ" అన్న మాట నాలుగు బల్లల అవతలికి వినబడాల్సిందే. కాకరకాయ రసం, మెంతుల నీళ్లు, నేరేడు గింజల పొడి ఏది ఏ వేళకో గడియారం చూడకుండా చెప్పగలడు. రాత్రికి రెండు జొన్నరొట్టెలు. మూడోది వేయబోయిన ఇల్లాలి చెయ్యి ఆయన చూపు తగలగానే వెనక్కి పోతుంది. అరికాలికి చిన్న ముల్లు దిగిందా, ఇంటిల్లిపాదీ టార్చిలైట్లు పట్టుకుని చుట్టూ చేరాల్సిందే. నోట్లోకి పోయే ప్రతి ముద్దకూ లెక్క రాసే ఈ మనిషి నోటిని మాత్రం లెక్కలోంచి తీసేశాడు. షుగర్ వ్యాధికి సంబంధించి ఈయన చేసే పెద్ద తప్పు ఇదేనని నా వాదం.

వాష్‌బేసిన్ దగ్గర చూడాలి ఆయన్ని. బ్రష్షు కుచ్చు రెండు పక్కలకూ విచ్చుకుని ఎన్నాళ్లయిందో. అరనిమిషం గీకి ఉమ్మితే తెల్లటి నురగలో ఎర్రటి చార. వెంటనే నల్లా తిప్పుతాడు. చార కొట్టుకుపోతుంది, రోగమూ దాంతోపాటే పోయిందనుకుంటాడు. మర్నాటి నుంచి ఆ పక్కకు బ్రష్షు పోనివ్వడు, "నెత్తురొస్తుంటే ఎందుకు గెలుకుడు?" అని. చూడబోతే ఇది తెలివైన మాటే, కానీ సంగతి సరిగ్గా తలకిందులు. తోమని చోట పాచి పేరుకుంటుంది, పాచి గట్టిపడి గారవుతుంది, గార పక్కన చిగురు ఇంకా వాస్తుంది, వాచిన చిగురు ఇంకా కారుతుంది. 1965లో దంత పరిశోధకుడు హారాల్డ్ లో (Löe) బృందం ఆరోగ్యంగా ఉన్నవాళ్ల చేత పళ్లు తోమడం మాన్పించి చూసింది. మూడు వారాలు తిరిగేలోపు అందరి చిగుళ్లూ వాచాయి, మళ్లీ తోమడం మొదలుపెడితే తగ్గిపోయాయి. నెత్తురొచ్చే చోటు మానేయాల్సింది కాదు, మెత్తటి బ్రష్షుతో నింపాదిగా శుభ్రం చేయాల్సింది. మన పెద్దమనిషి మాత్రం ఆ పని దావత్‌లో మటన్ తిన్నాక అగ్గిపుల్లకు అప్పజెబుతాడు. మందు ఉన్న కొస విరిచేసి రెండో కొసతో దవడ పంటి సందు గెలుకుతూ రాజకీయాలు మాట్లాడతాడు. పుల్ల కొస ఎర్రబడితే చూసి పారేస్తాడు. బీడీ అలవాటున్న ఆయన దోస్తుకైతే ఆ ఎరుపూ కనబడదు. పొగాకు చిగుళ్లలో రక్తప్రసారాన్ని తగ్గిస్తుంది కాబట్టి లోపల కుళ్లుతున్నా పైకి నెత్తురు తక్కువే. "నాకసలు నెత్తురే రాదు" అని ఆయన గొప్ప.

ఇంతకీ పంటికీ షుగర్‌కీ ఏమిటి చుట్టరికం? రక్తంలో చక్కెర అదుపు తప్పితే ఒంట్లోని రక్షణ కణాలు మందగిస్తాయి, నోరు ఎండుతుంది, పుండు మానదు, చిగురు కింద సూక్ష్మజీవులు కాపురం పెడతాయి. కళ్లు, మూత్రపిండాలు, నరాలు, రక్తనాళాలు, మానని పుండ్లు అంటూ డాక్టర్లు చెప్పే అయిదు ఉపద్రవాల పక్కన చిగుళ్ల జబ్బును ఆరోదిగా చేర్చినవాడు కూడా ఆ హారాల్డ్ లోనే, 1993లో. అయితే ఇది ఒకవైపు దారి కాదు. వాచిన చిగుళ్లలోంచి వాపు పుట్టించే పదార్థాలు రక్తంలోకి చేరి ఇన్సులిన్ పనికి అడ్డం పడతాయి. షుగర్ చిగురును పాడు చేస్తుంది, చిగురు షుగర్‌ను పెంచుతుంది. జబ్బు ముదిరి నోరంతా వ్యాపించాక పళ్ల చుట్టూ ఉన్న పచ్చిపుండునంతా విప్పి పరిస్తే దాదాపు అరచేయంత అవుతుంది. అరచేయంత పుండు కాలి మీద ఉంటే ఈయన ఊళ్లో ఎవర్నీ నిద్రపోనిస్తాడా? నోట్లో ఉంది కాబట్టి పెదవులు మూసుకుని నడకకు పోతున్నాడు.

ఆయన అభ్యంతరాలూ వినాలి. మొదటిది, "మా తాత వేపపుల్లతో తోమి తొంభై ఏండ్లు బతికిండు." వేపపుల్లను ఓపిగ్గా నమిలి తోమితే తప్పేం లేదు, పంటి పైభాగం శుభ్రమవుతుంది. కానీ పంటి సందుల్లోకీ చిగురు కిందికీ అది పోదు. తాతకు షుగర్ ఉందా అన్నది అడిగితే మాట మారుస్తాడు. రెండోది ఊరంతా నమ్మేది, "క్లీనింగ్ చేయిస్తే పండ్లు కదులుతయట." నిజానికి అంతవరకూ ఆ పంటిని పట్టుకుని ఉన్నది ఎముక కాదు, గార. ఎముక ముందే కరిగిపోయింది, వాపు సందును కప్పేసింది. గార తీసి వాపు దిగాక ఆ సందు బయటపడుతుంది. దొంగతనాన్ని బయటపెట్టినవాడి మీదే దొంగతనం మోపినట్టుంది.

మూడో అభ్యంతరానికి మాత్రం బరువుంది, దీన్ని తేలిగ్గా తోసేయకూడదు. చిగుళ్లకు వైద్యం చేయిస్తే షుగర్ నిజంగా తగ్గుతుందా? 2013లో అమెరికాలో 514 మంది మీద జరిగిన పరీక్షలో తగ్గలేదు. అయితే ఆ వైద్యం తర్వాత కూడా చాలామందికి చిగుళ్ల వాపు సరిగ్గా దిగలేదని దంతవైద్య నిపుణులు వేలెత్తి చూపారు. మంట ఆరకుండానే సెగ తగ్గలేదంటే ఎలా? 2018లో లండన్‌లో 264 మందికి ఏడాదిపాటు పట్టుగా వైద్యం చేస్తే మూడు నెలల సగటు చూపే హెచ్‌బీఏ1సీ, మామూలు శుభ్రతతో సరిపెట్టినవాళ్లకంటే 0.6 తక్కువగా నమోదైంది. అనేక పరీక్షలను కలిపి చూసిన 2022 నాటి కోక్రేన్ సమీక్షలో మూడు నాలుగు నెలలకు 0.43 తగ్గుదల తేలింది. ఇది గోలీలు మానేయదగ్గ తగ్గుదల కాదు, అలా మానేయకూడదు కూడా. కానీ ఆ నోట్‌బుక్కులో ఎనిమిది ఏడున్నరకు దిగితే చౌరస్తాలో చాయ్ తాగించే మనిషి ఈ అర పాయింటును చిన్నచూపు చూడటం నాకు అర్థం కాదు.

చివరిది ఖర్చు సంగతి. గార తీయించుకునే ఖర్చు కట్టుడు పళ్ల ఖర్చు ముందు ఎంత? పళ్లూడితే జొన్నరొట్టె నమలలేక మళ్లీ మెత్తటి అన్నానికే చేరాలి. మెతుకు మీద ఇన్నేళ్లు చేసిన యుద్ధం అక్కడితో సరి.

కాబట్టి అన్నా, కుచ్చు విచ్చుకున్న ఆ బ్రష్షు పారేసి మెత్తటిది కొనుక్కో. రాత్రి పడుకోబోయే ముందు కూడా తోముకో. ఉమ్మినదాన్ని ఒకసారి చూసి, ఆ తర్వాతే నల్లా తిప్పు. పళ్ల డాక్టర్ దగ్గరికి పోయేనాడు ఉపవాసం ఉండకు. టిఫిన్ తిని, గోలీ వేసుకుని, షుగర్ ఉందని ముందే చెప్పు. ఆ నోట్‌బుక్కు కూడా వెంట తీసుకుపో.