అరవై గోళీలు, తొంభై పుల్లలు

ఐదు మార్కులు. గొడవంతా ఆ ఐదు మార్కుల కోసమే.

ఎఫ్ఏ (ఫార్మేటివ్ అసెస్‌మెంట్) అంటే ఏమిటో పదో తరగతి పిల్లలున్న ఇళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఇరవై మార్కులను నాలుగు ఐదులుగా కోసి, అందులో ఒక ఐదును ప్రాజెక్టు పనికి రాసిచ్చిన మహానుభావులెవరో గానీ, డిసెంబరు చలిలో రాత్రి పదింటికి ఫెవికాల్ ఆరేదాకా కాపలా కూర్చున్న పాపాన పోయి ఉండరు. శ్రీరాంపూర్ సింగరేణి క్వార్టర్లలో కొన్నాళ్లుగా ఇదే వరస. ఫస్ట్ షిఫ్ట్ చేసి మూడు గంటలకు బొగ్గు బాయి నుంచి పైకొచ్చిన తండ్రికి ఇంట్లో రెండో షిఫ్ట్ తయారుగా ఉంటోంది. బాయిలో అయితే ఓవర్‌మన్ ఉంటాడు, యూనియన్ ఉంటుంది. ఇక్కడ ఉన్నది పదిహేనేళ్ల బిడ్డ ఒక్కతే. ఆమె మీద ఏ యూనియన్‌కు ఫిర్యాదు చేయాలి?

లెక్క కూడా చిన్నదేం కాదు. సైన్సును రెండుగా విడదీస్తే సబ్జెక్టులు ఏడు, ఏడాదికి ఎఫ్ఏలు నాలుగు. ఏడు నాలుగులు ఇరవై ఎనిమిది. గుణకారం పిల్లది, చాకిరీ బాపుది.

తెలుగుతో పేచీ లేదు. ఆదిలాబాద్ పెద్దమనిషి సామల సదాశివ, జగిత్యాల కవి అలిశెట్టి ప్రభాకర్ పాఠాల్లోనే ఉన్నారు. ఇంటి మనుషులు కనుక వాళ్లకు థర్మకోల్ మర్యాదలు అక్కర్లేదు, తెల్ల కాగితం మీద నాలుగు మాటలు రాస్తే సరిపోతుంది. సాంఘిక శాస్త్రంలో మాత్రం శ్రీరాంపూర్ పిల్ల రాంపురం అనే ఊరి ఆర్థిక వ్యవస్థ చదువుతోంది. అది ఉత్తరప్రదేశ్ పడమటి కొసన, గంగా మైదానంలో ఉంది. అక్కడ ఏయే పంటలు వేస్తారో, కూలి ఎంత గిడుతుందో ఈ పిల్ల గడగడా చెబుతుంది. తన ఊరి కింద ఏముందో అడిగితే మాత్రం గైడు వెతుక్కోవాలి.

లెక్కల్లో సంభావ్యత వచ్చింది. పేక ముక్కలు యాభై రెండు, ఒక్కో గుర్తుకు పదమూడు, ఎర్ర రాజు రావడానికి అవకాశం ఇరవై ఆరింట ఒకటి. తల్లి వంటింట్లోంచి వచ్చి, "బడిల పత్తాలు నేర్పుతున్నరా బిడ్డా?" అని నిలదీసింది. మొత్తం సిలబస్‌లో తండ్రి ఛాతీ విరుచుకుని కూర్చున్నది ఆ ఒక్క సాయంత్రమే. సూత్రాలు రాకపోయినా ఏ ముక్క ఎప్పుడు పడుతుందో ఆయనకు తెలుసు. త్రికోణమితి దగ్గర ఆ ఛాతీ మళ్లీ యథాస్థానానికి దిగిపోయింది. టవర్ నీడ పొడవు, ఊర్ధ్వకోణం ఇచ్చి టవర్ ఎత్తు కనుక్కోమంటారు. కట్టినవాణ్ణి అడిగితే చెప్పడా? ఆ ప్రశ్నకు ఏ గైడులోనూ జవాబు లేదు.

జీవశాస్త్రంలో మెండెల్ బఠానీలు, అనువంశికత. దీని గురించి కోల్‌బెల్ట్‌కు ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. తండ్రి కొలువు కొడుక్కి రావడం, రాకపోవడం మీద ఇక్కడ ఎన్నికలే జరిగాయి. వారసత్వ ఉద్యోగాలను 2017లో హైకోర్టు కొట్టేస్తే, ఆ తర్వాత కారుణ్య నియామకాలు వచ్చాయి. మెండెల్ మూడుకు ఒకటి అన్నాడు గానీ, ఆ నియామకాలను తేల్చే మెడికల్ బోర్డు ముందు కూర్చుని చూసి ఉంటే ఆ నిష్పత్తి అంత ధీమాగా రాసేవాడు కాదు.

ఇక అసలు శత్రువు భౌతిక రసాయన శాస్త్రంలో పొంచి ఉన్నాడు. కార్బన్, దాని సమ్మేళనాలు. వజ్రం, గ్రాఫైట్ దాకా ఫరవాలేదు. వాటి పక్కనే ఒక బంతి బొమ్మ ఉంది. పేరు బక్‌మిన్‌స్టర్ ఫుల్లరీన్.

"బాపూ, గిది చెయ్యాలె."

ఈ బంతిని 1985లో క్రోటో, కర్ల్, స్మాలీ అనే ముగ్గురు కనిపెట్టారు, 1996లో నోబెల్ పుచ్చుకున్నారు. గుమ్మటాలు కట్టే బక్‌మిన్‌స్టర్ ఫుల్లర్ అనే అమెరికా ఆయన పేరు దానికి పెట్టారు. వాళ్లు దాన్ని కనిపెట్టి ఊరుకున్నారు. శ్రీరాంపూర్‌లో దాన్ని కట్టాలి. అరవై కార్బన్ పరమాణువులకు అరవై థర్మకోల్ గోళీలు, వాటిని కలపడానికి తొంభై పుల్లలు. పన్నెండు పంచభుజులు, ఇరవై షడ్భుజులు రావాలి. ఏ రెండు పంచభుజులూ ఒకదాన్నొకటి తాకకూడదు. ఒక్కో గోళీకి మూడు పుల్లలు, అంటే నూట ఎనభై పొడుపులు. మొదటి పుల్ల మర్యాదగా దిగుతుంది. రెండోది సణుగుతుంది. మూడోది గుచ్చగానే గోళీ రెండు చెక్కలవుతుంది. మంచిర్యాల దుకాణంలో గోళీల ప్యాకెట్లు అయిపోవడానికి కారణం ఇదే అయి ఉండాలి.

సగం కట్టేసరికి బంతి పళ్లెంలా కూర్చుంది. ఎక్కడో పంచభుజి పడాల్సిన చోట షడ్భుజి పడింది. ఎక్కడో ఎవరు చెప్పగలరు? పక్క క్వార్టర్ అల్లుడు బీటెక్. వచ్చి ఆయిలర్ సూత్రం చెప్పాడు. శీర్షాల్లోంచి అంచులు తీసేసి ముఖాలు కలిపితే రెండు రావాలట. అరవైలోంచి తొంభై పోయి ముప్పై రెండు కలిస్తే రెండు. నిజమే, వచ్చింది. బంతి మాత్రం రాలేదు. చివరికి దారి చూపించింది ఇంట్లోని పాత ఫుట్‌బాల్. నల్ల ముక్కలు పన్నెండు, తెల్లవి ఇరవై, సరిగ్గా అదే అల్లిక. ముందే ఫుట్‌బాల్‌కు నాలుగు కుట్లు విప్పి స్కెచ్‌పెన్‌తో కార్బన్ అని రాసి పంపితే పోయేది కదా అని తండ్రికి అర్ధరాత్రి తట్టింది. అప్పటికే గాలి తీసేశారు.

మార్కులు? ఐదుకు నాలుగు. జిరాక్స్ సెంటర్‌లో రెడీమేడ్ బంతి కొన్నవాళ్లకు ఐదు.

ఇంతా చేసి, పొద్దున లేస్తే ఆయన చేసే పని కార్బన్‌తోనే. గోదావరి లోయలో పాతిక కోట్ల ఏళ్లకు పైబడిన గోండ్వానా బొగ్గు అది. రోజూ గోళ్ల సందుల్లో ఇంటికొస్తుంది, సబ్బుకు ఓ పట్టాన లొంగదు. బిడ్డ పుస్తకంలో అది తరిగిపోయే వనరుల జాబితాలో ఒక మాట. ఆ మాట దగ్గర ఆగి ఆమె అడిగింది: "బొగ్గు ఒడిసిపోతే మనం ఏడికి పోవాలె బాపూ?" ఆయనకు బెల్లంపల్లి తెలుసు. మంచిర్యాల దాటాక రవీంద్రఖని, మందమర్రి, ఆ తర్వాతి స్టేషన్. ఒకప్పుడు సైరన్ మోతతో నిద్ర లేచిన ఊరు. బాయిలు ఒక్కొక్కటే మూతపడితే జనం బదిలీల మీద తలో దిక్కుకు పోయారు. శ్రీరాంపూర్‌కు వచ్చినవాళ్లూ ఉన్నారు. ఇదంతా ఆయన బిడ్డకు చెప్పలేదు. "నువ్వు సదువుకో" అన్నాడు.

ఫిబ్రవరిలో ఎఫ్ఏ-4 ఉంది. సైన్సు, సోషల్ టీచర్లకు క్వార్టర్ల తరఫున ఒక విన్నపం. ఈసారి ప్రాజెక్టు బొగ్గు మీదే ఇవ్వండి. పిల్లలను బాపు పక్కన కూర్చుని బాయి ఎంత లోతు, లోపల ఊపిరాడే గాలి ఎట్లా పంపుతారు, రూఫ్ కూలకుండా ఏం చేస్తారు, వాళ్ల తాత ఏ ఊరి నుంచి వచ్చి ఏ బాయిలో చేరాడు, అన్నీ అడిగి రెండు పేజీలు రాసుకుని రమ్మనండి. ఐదు మార్కులూ ఇవ్వండి. థర్మకోల్ మాత్రం వద్దు.