డిలీట్ బాబాయిగారు

ప్రతి అపార్ట్‌మెంట్‌లోనూ ఒక డిలీట్ బాబాయిగారు ఉంటారు. పొద్దున్నే కాఫీ గ్లాసు పక్కన పెట్టుకుని, కళ్లజోడు ముక్కు కొసకి జార్చి, ఫోన్లో ఇన్‌బాక్స్ తెరుస్తారు. లోను ఇస్తానన్న బ్యాంకు, అవుట్. చీరల డిస్కౌంటు, అవుట్. అదే ఊపులో రైలు టికెట్టూ, కరెంటు బిల్లు రసీదూ, ఫారం 16 కూడా అవుట్. "ఒక్క మెయిలు మిగిలితే ఒట్టు!" అని లిఫ్టు దగ్గర కనిపించినవాళ్లందరికీ చాటింపు వేస్తారు.

ఈ చెరిపే అలవాటుకి చరిత్ర ఉంది. బాబాయిగారు మెయిలు నేర్చుకున్నది హాట్‌మెయిల్ రోజుల్లో. అప్పట్లో ఉచితంగా ఇచ్చే జాగా 2 ఎంబీ. మేనల్లుడి పెళ్లి ఫొటోలు నాలుగొస్తే పెట్టె నిండిపోయేది. 2004 ఏప్రిల్ 1న జీమెయిల్ ఏకంగా 1 జీబీ ఇస్తానంటే, తేదీ చూసి చాలామంది ఏప్రిల్ ఫూల్ అనుకున్నారు. ఇక దేన్నీ చెరపక్కర్లేదన్న ధీమాతో ఆ జీమెయిల్‌లో మొదట డిలీట్ బటన్ని పైకి కనిపించనివ్వలేదు కూడా, మెనూలో దాచారు. జనం పోరు పడలేక 2006లో బయట పెట్టారు. ఆ జనంలో మన బాబాయిగారు తప్పకుండా ఉండి ఉంటారు. ఇప్పుడు 15 జీబీ ఇచ్చినా, కరువులో పెరిగినవాడు పెళ్లిపంక్తిలో కూడా అప్పడం దాచుకున్నట్టు, ఆయన జాగా మిగుల్చుకుంటూనే ఉన్నారు.

అసలు కథ ప్రయాణం రోజున మొదలవుతుంది. ఆటో కింద ఆగి ఉంటుంది. టికెట్టు ఉండదు. బాబాయిగారు ఇన్‌బాక్స్‌ని కిందికి లాగి లాగి వదులుతారు. వెతికే గడి జోలికే పోరు. "ఎవడో నా అకౌంటు హ్యాక్ చేశాడోయ్!" అని పక్క ఫ్లాటు కుర్రాణ్ణి కేకేస్తారు.

"చెత్తబుట్టలో చూశారా?" అంటుంది వంటింట్లోంచి పిన్నిగారు. కంప్యూటర్ ముట్టుకోకపోయినా సగం జవాబు ఆవిడ దగ్గరే ఉంది. పాతికేళ్ల నాటి గ్యాస్ రసీదు కూడా ఆవిడ బియ్యం డబ్బా వెనక కవరులో భద్రంగా ఉంటుంది.

కుర్రాడొచ్చి ఎడమవైపు మూడు గీతలు నొక్కి ట్రాష్ తెరుస్తాడు. కొన్ని ఫోన్లలో దాన్నే బిన్ అంటారు. అక్కడ టికెట్టు ఉండదు. అప్పుడు 'ఆల్ మెయిల్' తెరుస్తాడు. ఉంటుంది! ఎందుకంటే వేలితో పక్కకి తోస్తే జీమెయిల్ యాప్ చాలా ఫోన్లలో చెరపదు, ఆర్కైవ్ చేసి లోపల పెడుతుంది. బాబాయిగారు చంపేశాననుకున్నవన్నీ అక్కడ నిక్షేపంగా ఉన్నాయి, చీరల డిస్కౌంటుతో సహా.

"అంకుల్, ఈసారి వెతికే గడిలో ఇంగ్లీషులో ఇన్ అని కొట్టి, కోలన్ పెట్టి, ఎనీవేర్ అని చేర్చండి. ట్రాష్, స్పామ్ అన్నీ గాలిస్తుంది."

"రాసి పెట్టు నాయనా."

కుర్రాడు రాసి మెయిలు చేస్తాడు. మర్నాడు పొద్దున కాఫీతో పాటు అదీ అవుట్.

ఫారం 16 మాత్రం నిజంగానే ట్రాష్‌లోకి వెళ్లింది. జూన్‌లో వచ్చినది, రిటర్ను గడువు ముంచుకొచ్చిన జులై చివర గుర్తొచ్చింది. జీమెయిల్ ట్రాష్‌లో పడ్డదాన్ని 30 రోజులే ఉంచుతుంది. యాహూ అయితే 7 రోజులే. ఔట్‌లుక్ కొంచెం దయగలది. డిలీటెడ్ ఐటమ్స్ ఖాళీ చేశాక కూడా, తిరిగి తెచ్చుకునే లింకు ఒకటి కొన్నాళ్లు ఉంచుతుంది. బాబాయిగారు పింఛను బ్యాంకు మెట్లెక్కి ఇంకో కాపీ తెచ్చుకున్నారు. స్కాన్ చేయించి తనకి తానే మెయిలు పంపుకున్నారు. ఆ మెయిలు ఏమైందో చెప్పాలా?

మీ ఇంట్లోనూ ఇలాంటి పెద్దాయన ఉంటే ఫోన్ లాక్కోకండి, వినరు. ఏదైనా పోయిందనగానే ముందు ఆల్ మెయిల్, తర్వాత ట్రాష్ చూడండి. దొరికితే చదివి వదిలెయ్యకుండా 'మూవ్ టు ఇన్‌బాక్స్' నొక్కండి. ట్రాష్‌లోనే ఉంచితే గడువు ఆగదు. ఆపైన టికెట్టు కాగితం మీద ప్రింటు తీసి పిన్నిగారి చేతికివ్వండి. అంతకన్నా గట్టి బ్యాకప్ ఇంకా ఎవరూ కనిపెట్టలేదు.