రేసు మానేసిన గుర్రాన్ని కొంటున్నారా? కుప్పం వాళ్లకు కొన్ని చిట్కాలు

కుప్పంలో పొద్దున్నే రైలెక్కితే మధ్యాహ్నం రేసుల వేళకు బెంగళూరులో ఉంటాం. మనవాళ్లు ఇన్నాళ్లూ అక్కడికి పోయి, గుర్రం మీద డబ్బు పెట్టి, జేబు ఖాళీ చేసుకుని సాయంత్రం బండికి తిరిగొచ్చారు. ఇకమీదట గుర్రాన్నే తెచ్చుకుందాం అన్నా. కారు ప్రతి ఇంటి ముందూ ఉంది. గుర్రం ఎవరింటి ముందుంది? పైగా రేసు మానేసిన గుర్రం చౌక. కొందరు ఊరికే ఇచ్చినా ఇస్తారు. ఎందుకిస్తున్నారని మాత్రం అడగొద్దు. మిగతా జాగ్రత్తలు ఇవీ.

1. వయసు అడగండి, ఆయుష్షు అడగొద్దు

మన దేశంలో రేసు గుర్రాలన్నిటికీ కాగితాల మీద పుట్టినరోజు జనవరి 1. రెండేళ్లకే పరుగు మొదలు, చాలావాటికి ఐదారేళ్లకే మూటాముల్లె సర్దుడు. వెన్నెముక పూర్తిగా గట్టిపడేదీ ఆ ఐదారేళ్లకే. అంటే ఒళ్లు తయారయ్యేసరికి ఉద్యోగం అయిపోతుంది. అమ్మేవాడు "ఆరేళ్లే అన్నా, పడుచుది" అంటాడు. మురిసిపోండి. గుర్రం పాతికేళ్లు బతుకుతుందనీ, ఇంకో ఇరవై ఏళ్లు మేపాలనీ లెక్క వెయ్యొద్దు. వేస్తే బేరం కుదరదు.

2. కాలు పట్టి చూడొద్దు

జూలు చూడండి, నిగనిగలాడే ఒళ్లు చూడండి. ముందుకాళ్ల జోలికి పోవద్దు. మోకాలి కిందినుంచి గిట్ట దాకా వెనకవైపు దిగే నరాన్ని వేళ్లతో తడిమితే, కొన్నిటికి ఒకచోట విల్లులా ఉబ్బు తగులుతుంది, వేడిగా ఉంటుంది. గంటకు అరవై కిలోమీటర్ల వేగంలో అయిదొందల కిలోల ఒళ్లు ఒక్క కాలి మీద పడుతుంటే అంతే మరి. ఆ నరం దెబ్బతింటే మానడానికి నెలలు పడుతుంది, మానినా మునుపటి గట్టితనం రాదు. అమ్మే రోజు నొప్పి తెలియని సూది వేశారేమోనని పశువైద్యుణ్ణి వెంటబెట్టుకు వెళ్లేవాళ్లుంటారు. ఫీజు దండగ.

3. పుంగనూరు ఆవుకు పెట్టేదే పెట్టండి

పుంగనూరు ఆవు రోజుకు ఐదు కిలోల మేతతో సరిపెట్టుకుని చిక్కటి పాలిస్తుంది. గుర్రానికీ అదే లెక్క కట్టండి. దానికి పది కిలోల ఎండుగడ్డి, ముప్పై నలభై లీటర్ల నీళ్లు, ఎండాకాలంలో ఇంకా ఎక్కువ కావాలనేవాళ్లకు మన బోర్ల సంగతి తెలీదు. గడ్డి తగ్గించి ఉలవలు పెంచండి. గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదని సామెతే ఉంది కదా. మదనపల్లె మార్కెట్లో ధర పడిపోయినప్పుడు పారబోసే టమోటాలు, పొలంలో పీకేసిన టమోటా చెట్లు కూడా తెచ్చి పడెయ్యండి. ఆ ఆకూ కాడా గుర్రానికి విషమంటారు, పట్టించుకోవద్దు.

ఆవు నెమరు వేస్తుంది, గుర్రం వెయ్యదు. పైగా గుర్రానికి వాంతి కాదు. తిన్నది లోపల అడ్డం తిరిగితే పైకి వచ్చే దారి లేదు. అర్ధరాత్రి అది కాలితో నేల తవ్వుతూ, మాటిమాటికీ డొక్కవైపు తల తిప్పి చూసుకుంటూ, పడుకుంటూ లేస్తూ ఉంటే ఆడుకుంటోందనుకుని తలుపేసుకోండి.

4. ఒంటరిగా కట్టండి, నాట్యం చూడండి

పట్టుపురుగుల షెడ్డు ఖాళీగా ఉంటే అదే లాయం. రేసుల రోజుల్లోనూ గుర్రం ఇంచుమించు రోజంతా నాలుగు గోడల మధ్యే నిలబడింది, అలవాటే. మందలో బతికే జంతువు కనక తోడు కావాలంటారు. తోడంటే ఇంకో నోరు, ఇంకో ఖర్చు. కొన్నాళ్లకు అది గడప దగ్గర నిలబడి, ముందుకాళ్ల మీద బరువు మారుస్తూ, తల అటూ ఇటూ గంటల తరబడి ఊపడం మొదలుపెడుతుంది. కొన్ని చెక్క అంచును పళ్లతో కరిచిపట్టి గాలి మింగుతాయి. చుట్టాలొస్తే చూపించండి, "మా గుర్రానికి డ్యాన్సు వచ్చు" అనండి. వీడియో తీసి పెడితే లైకులు కూడా వస్తాయి.

5. లాడాలకు ఖర్చు పెట్టొద్దు

రేసు గుర్రానికి పల్చటి అల్యూమినియం లాడాలుంటాయి. అరిగేదాకా తారురోడ్డు మీద తిప్పండి. ఆ తర్వాత ఎద్దులకు లాడాలు కొట్టే ఆయన్ను పిలవండి. ఎద్దు గిట్టకు రెండు చీలికలు, గుర్రానికి ఒక్కటే, అంటే సగం పనే. నాలుగైదు వారాలకోసారి గిట్ట చెక్కి మళ్లీ కొట్టించాలన్నది బెంగళూరు నాజూకు. మేకు కండలోకి దిగినా ధనుర్వాతం టీకా మాట ఎత్తొద్దు. మిగతా పశువులకన్నా గుర్రాలకే ఆ జబ్బు సులువుగా వస్తుంది. అయితే ఏం, మన ఎద్దుకు ఎప్పుడైనా వేయించామా?

6. నేరుగా మెరవణిలో దింపండి

కొన్నదే ఇందుకు. పెళ్లికొడుకును ఎక్కించి, ముందు పలకలు, వెనక డీజే, కాళ్ల దగ్గర పదివేల వాలా. ఈ గుర్రం చదివిన చదువు ఒక్కటే: గేటు తెరుచుకున్న చప్పుడుకు ప్రాణం పెట్టి ముందుకు దూకడం. జనంలో నిలబడడం దానికెవరూ నేర్పలేదు. చెవులు వెనక్కి వాల్చి, కంటి తెల్లగుడ్డు చూపిస్తూ, మెడ మీద చెమట నురగ కడితే హుషారుగా ఉందనుకుని ఇంకో సరం వెలిగించండి. ఇంగ్లండులో ఇలాంటి గుర్రాలకు కొత్త పని నేర్పించడానికి 2000లోనే ఒక సంస్థ పెట్టారు. నెలల తరబడి ఓపిగ్గా నేర్పించాలట. మన ముహూర్తం అంతకాలం ఆగుతుందా?

7. లారీ దొరికితే చాలు, కాలం చూడొద్దు

2025 ఏప్రిల్ చివర, మే మొదట్లో హైదరాబాదు నుంచి మధ్యప్రదేశ్‌లోని జబల్‌పూర్ దగ్గరి పల్లెకు 57 పందెపు గుర్రాలను తరలించారు. నడివేసవి, ఏడొందల కిలోమీటర్లకు పైగా ప్రయాణం. నెల తిరక్కుండానే ఎనిమిది చచ్చిపోయాయి, వ్యవహారం హైకోర్టుకెక్కింది. మనకు బెంగళూరు వందా నూటిరవై కిలోమీటర్లే కాబట్టి గ్రానైటు దింపి ఖాళీగా వచ్చే లారీ చాలు. కింద గడ్డి పరవడం, దారిలో ఆపి నీళ్లు పట్టడం డ్రైవరుకు ఆలస్యం.

8. కుంటిదైతే పొలిమేర దాటించండి

ఒకవైపు కోలారు, ఒకవైపు కృష్ణగిరి. రెండు రాష్ట్రాల సరిహద్దులు మన పక్కనే పెట్టుకుని దిగులెందుకు? చీకటిపడ్డాక వదిలేసి రండి. పుణెలోని స్టడ్ బుక్ అథారిటీ దగ్గర దాని తల్లీ తండ్రీ తాతల పేర్లతో సహా వంశం మొత్తం రాసి ఉంటుంది. అంత వంశం ఉన్న గుర్రం ఇప్పుడెక్కడుందని అడిగేవాళ్లే తక్కువ. చట్టం భయముంటే 1960 నాటి జంతు హింస నివారణ చట్టం తీసి చూడండి: మొదటిసారి దొరికితే జరిమానా పది రూపాయల నుంచి యాభై దాకా. గడ్డిమోపు కూడా రాదు ఆ డబ్బుకు. చంపినా, అవిటిదాన్ని చేసినా అయిదేళ్ల దాకా జైలు అని భారతీయ న్యాయ సంహితలో ఇంకో సెక్షనుంది. ఆ పేజీ తిప్పొద్దు.

9. పాత యజమానిని ఇబ్బంది పెట్టొద్దు

గుర్రప్పందెం అదృష్టం ఆట కాదు, నైపుణ్యం ఆట అని సుప్రీంకోర్టు 1996లో తీర్పిచ్చింది. ఆ నైపుణ్యంలో గుర్రం వాటా ఎంత, గెలిచిన సొమ్ములో రూపాయికో పైసా దాని గడ్డికని పక్కన పెట్టి ఉంటే అది మన పట్టుపురుగుల షెడ్డు దాకా వచ్చేదా అని ఆయన్ను నిలదీయడం మర్యాద కాదు. నిలదీస్తే ఆయన ఎదురడుగుతాడు: "నేను పరిగెత్తించడానికి కొన్నాను. నువ్వెందుకు కొన్నావు?" దానికి జవాబు దొరికేదాకా బెంగళూరు బండి ఎక్కొద్దు. ఈ కాగితంలో పాటించదగ్గ చిట్కా ఇదొక్కటే.