అప్‌గ్రేడ్ సూత్రం – టీకా తాత్పర్య సహితం

అవతారిక

సీడీలు, డీవీడీలు రైట్ చేసే సాఫ్ట్‌వేర్, వీడియోల ఫార్మాట్ మార్చే కన్వర్టర్ చాలాకాలంగా ఒకే ప్యాకేజీలో అమ్ముడవుతున్నాయి. కొన్న కొన్నాళ్ళకు కంప్యూటర్ తెర కుడివైపు అడుగు మూల నుంచి ఒక చిన్న కిటికీ పైకి లేస్తుంది. అందులోని వాక్యమే ఇక్కడ వ్యాఖ్యేయం. కర్త అజ్ఞాతుడు, మార్కెటింగ్ విభాగం వాడని పెద్దల అభిప్రాయం.

మూలం

సరికొత్త వెర్షన్ సిద్ధం! పాత కస్టమర్లకు 60 శాతం తగ్గింపు. ఈ రాత్రి వరకే. ఇప్పుడే అప్‌గ్రేడ్ చేయండి.

ప్రతిపదార్థం

సరికొత్త = మొదటి తెర రంగు మారినట్టి; వెర్షన్ = అంకె పెరిగిన పాత సరుకు; సిద్ధం = అమ్మకానికి సిద్ధము (వాడకానికి సిద్ధమగుటకు మొదటి ప్యాచ్ రావలెను); పాత కస్టమర్లకు = ఒకసారి చెల్లించినందున మరల చెల్లింపగలరని తేలినవారికి; 60 శాతం తగ్గింపు = ఎవరూ ఏనాడూ కట్టని ధరలోనుండి తీసివేత; ఈ రాత్రి వరకే = రేపు రాత్రి వరకు కూడా; ఇప్పుడే = పాతదానిలో లోపమేమో తలచుకొనకమునుపే; అప్‌గ్రేడ్ చేయండి = కార్డు నంబరు కొట్టండి.

తాత్పర్యం

కట్టినవారు మరల కట్టవలెననియు, అందులో ఆలస్యము కూడదనియు భావము. ఎందుకు కట్టవలెనో మూలమున లేదు.

పాఠాంతరం

కిటికీ అడుగున బూడిద రంగు చిన్న అక్షరాల్లో ‘తరువాత గుర్తుచేయి’ అని ఉంటుంది. ‘వద్దు’ అనే పాఠం ప్రాచీన ప్రతుల్లో ఉండేదంటారు. ఇప్పుడు దొరకడం లేదు.

విశేషాంశాలు

‘చేయండి’ అనే క్రియకు ‘మీరు’ కర్త అని అధ్యాహారం చేసుకోవచ్చు. చిక్కంతా కర్మ దగ్గరే. దేనిని అప్‌గ్రేడ్ చేయాలి? రైటర్‌నా, కన్వర్టర్‌నా? రెండింటి స్వభావమూ వేరు కనుక విచారణా వేరుగానే జరగాలి.

రైటర్ సంగతి. డిస్కు ప్రమాణాలు ఏనాడో స్థిరపడిపోయాయి. సీడీకి 700 ఎంబీ, డీవీడీకి 4.7 జీబీ, రెండు పొరల డీవీడీకి 8.5 జీబీ, బ్లూరేకి ఒక్కో పొరకు 25 జీబీ. సీడీని 780 నానోమీటర్ల లేజర్, డీవీడీని 650, బ్లూరేని 405 రాస్తాయి. ఆ లేజర్ ఉండేది డ్రైవులో. ఎన్ని వెర్షన్లు కొన్నా డీవీడీ డ్రైవు బ్లూరే రాయదు. ఖాళీ డీవీడీ పెడితే విండోస్ 4.38 జీబీ అని చూపడం కూడా సాఫ్ట్‌వేర్ లోపం కాదు: డిస్కు తయారీదారు వెయ్యితో హెచ్చించి లెక్క కడతాడు, విండోస్ 1024తో.

‘కొత్త వెర్షన్ వేగంగా, డిస్కు పాడవకుండా రాస్తుంది’ అన్నది పూర్వపక్షం. వేగం డ్రైవూ డిస్కూ కలిసి తేల్చుకునే విషయం. ఒకప్పుడు రాస్తుండగా డేటా అందక డిస్కు మధ్యలోనే పాడయ్యేది. పక్కన ఇంకో ప్రోగ్రాం తెరవడానికే భయపడేవారు. ఆ బాధ తీర్చింది 2000 ప్రాంతంలో సాన్యో డ్రైవుల్లో వచ్చిన బర్న్-ప్రూఫ్ పద్ధతి. అదీ హార్డ్‌వేరే.

ఇక్కడ ఒక అలంకార ముచ్చట. 1990లలో జర్మనీ నుంచి వచ్చిన ‘నీరో బర్నింగ్ రామ్’ పేరులోనే శ్లేష ఉంది: రోము తగలబడుతుంటే ఫిడేలు వాయించాడన్న చక్రవర్తి ఒకవైపు, సీడీ-రామ్ ఇంకోవైపు. ఈ శాస్త్రంలో కవిత్వమంటూ ఉంటే ఆ ఒక్క పేరే. తరువాత, 2001 నాటి విండోస్ ఎక్స్‌పీయే సీడీలు రాయడం నేర్చింది, విండోస్ 7 ఐఎస్ఓ ఫైళ్ళనూ (డిస్కు మొత్తాన్ని ఒకే ఫైలుగా పట్టుకున్న నకళ్ళను) రాసింది. ఉచితంగా దొరికే ఇమ్‌గ్‌బర్న్ చివరి వెర్షన్ 2.5.8.0 వచ్చింది 2013లో. రాయడానికి అది ఈనాటికీ చాలు. విండోస్ మారాక పాత రైటర్ తెరుచుకోకపోతే తప్ప, ఈ భాగం కోసం డబ్బు కట్టడం దండగ.

కన్వర్టర్ అలా కాదు. వీసీడీ కాలంలో ఎంపెగ్-1, డీవీడీలో ఎంపెగ్-2, 2003లో హెచ్.264, 2013లో హెచ్ఈవీసీ, 2018లో ఏవీ1 – కోడెక్‌లు, అంటే వీడియోను కుదించి దాచే పద్ధతులు, మారుతూనే ఉన్నాయి. 2017 నుంచి కొత్త ఐఫోన్లు హెచ్ఈవీసీలో వీడియో తీస్తున్నాయి. పాత కన్వర్టర్‌కు అలాంటి ఫైలు ఇస్తే తెరవనంటుంది, లేదా మాట వినిపించి బొమ్మ చూపదు. అప్‌గ్రేడ్‌కు ఇదొక్కటే గట్టి హేతువు. అయితే ఫాబ్రీస్ బెలార్ 2000లో మొదలుపెట్టిన ఎఫ్ఎఫ్ఎంపెగ్, దాని సాయంతో నడిచే హ్యాండ్‌బ్రేక్ ఆ పనే ఉచితంగా చేస్తాయి. డబ్బు పెట్టి కొన్న కన్వర్టర్లలో కొన్నింటి లైసెన్సుల పేజీ ఓపికగా చదివితే అక్కడ కూడా ఎఫ్ఎఫ్ఎంపెగ్ పేరే కనిపిస్తుంది.

ఉదాహరణ: తెలుగిళ్ళ బీరువాల్లోని పెళ్ళి డీవీడీ. తెరిస్తే వీడియో_టీఎస్ ఫోల్డర్, అందులో 1 జీబీ మించని వీఓబీ ముక్కలు. బొమ్మ 720×576 చుక్కలు, సెకనుకు 25 ఫ్రేములు. ఒక్కో ఫ్రేములో సరి గీతలొకసారి, బేసి గీతలొకసారి తీసిన ఇంటర్‌లేస్ పద్ధతి. దీన్ని ఉన్నదున్నట్టు ఎంపీ4గా మారిస్తే తలంబ్రాలు పోసే చేతుల అంచుల్లో దువ్వెన పళ్ళలాంటి గీతలు తేలతాయి. మందు ‘డీఇంటర్‌లేస్’ అనే గడిలో ఒక టిక్కు. అది పాత వెర్షన్‌లోనూ ఉండే ఉంటుంది, సెట్టింగుల్లో నాలుగో తెరలో దాక్కుని.

కొత్త వెర్షన్ పెట్టె మీద తళుక్కున మెరిసే మాట ‘4కే అప్‌స్కేలింగ్’. డీవీడీ ఫ్రేములో చుక్కలు 4,14,720; 4కే ఫ్రేములో 82,94,400. సరిగ్గా ఇరవై రెట్లు. కెమెరా చూసింది ఒక్క చుక్క, తక్కిన పంతొమ్మిదీ యంత్రం ఊహ. ఇది ఉత్ప్రేక్ష; పెళ్ళికూతురి ముక్కుపుడకకు లేని రాయి కూడా పొదగగలదు. గ్రాఫిక్స్ చిప్పు సాయంతో వేగం పెరుగుతుందన్న మాట మాత్రం నిజం. ఇంటెల్ క్విక్ సింక్ 2011లో, ఎన్విడియా ఎన్వెంక్ 2012లో వచ్చాయి. రెండింటినీ హ్యాండ్‌బ్రేక్ కూడా వాడుకుంటుంది. అయితే ఆ వేగానికి బదులు, అదే ఫైలు సైజుకు నాణ్యత సాధారణంగా కొంచెం తగ్గుతుంది.

సిద్ధాంతం

కన్వర్ట్ కావలసిన ఫైలును ముందు ట్రయల్ వెర్షన్‌లో, ఆపై ఉచిత ప్రోగ్రాంలో మార్చి చూడాలి. రెండోదానిలో కుదరని పని మొదటిదానిలో కుదిరితేనే డబ్బు కట్టాలి. డిస్కు రాయడం కోసమైతే ఆ పరీక్షా అనవసరం. కొత్త ల్యాప్‌టాప్‌లలో డ్రైవే రావడం లేదు, సోనీ 2025 ఫిబ్రవరిలో రాసుకునే బ్లూరే డిస్కుల తయారీ ఆపేసింది. పెళ్ళి డీవీడీ ఉన్నవారు అప్‌గ్రేడ్ సంగతి పక్కన పెట్టి, డిస్కు చదవడానికి వీలున్నప్పుడే దాన్ని ఐఎస్ఓ ఫైలుగా హార్డ్ డిస్కులోకి తీసుకోవాలి. ఆ పని ఇమ్‌గ్‌బర్న్ చేసిపెడుతుంది.